కిల్ స్విచ్ నొక్కింది నేను కాదు: నాలుగున్నరేళ్లు, 46 వేల కిలోమీటర్ల తర్వాత

ఈ బండిని పది నెలలు వాడాక నేనొక సమీక్ష రాశాను. అందులో అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది దాని హ్యాండిల్ తిరిగే తీరును. ఎంత ఇరుకు చోటైనా వెనక్కి నెట్టుకునే పని లేకుండా ఒక్క ఊపులో తిరిగి వస్తుందని, ఇంత బరువున్న బండికి అది చిన్న విషయం కాదని రాశాను. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు. కాకపోతే హ్యాండిల్ అంత దూరం తిరిగినప్పుడల్లా దానితోపాటు వంగే తీగలు కొన్ని ఉంటాయన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు, బండిని తయారు చేసినవారికి కూడా తట్టినట్టు లేదు. ఇంజన్ శక్తి, మైలేజీ, సీటు ఎత్తు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ఈసారి రాస్తున్నది నడుస్తున్న బండిలో ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోవడం గురించి, ఆగిపోయిందని చెబితే నమ్మేవారు లేకపోవడం గురించి.

మొదటిసారి ఆగింది 19 వేల కిలోమీటర్ల దగ్గర. పార్కింగ్ నుంచి బయటికి తిప్పుకుంటూ ఉండగా ఆగింది కాబట్టి క్లచ్ తొందరగా వదిలేశానని అనుకుని, నన్ను నేనే తిట్టుకుని, సెల్ఫ్ నొక్కి వెళ్లిపోయాను. రెండోసారి కూడా తప్పు నాదేననుకున్నాను. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాడు వారంలో రెండుసార్లు క్లచ్ తడబడడం ఏమిటన్న అనుమానం మూడోసారికి గానీ రాలేదు. ఆ రోజు నుంచి ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను: మీటరు రీడింగు, ట్యాంకులో పెట్రోలు ఎంతుంది, ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, వాన పడిందా, ఏ గేరులో ఉన్నాను, ఎక్కడ ఆగింది. ఆ చివరి గడిని అలవాటు కొద్దీ నింపానే తప్ప, జవాబు అందులోనే ఉందని చాలాకాలం గమనించలేదు.

ఆరోసారి జరిగినది మాత్రం వివరంగా చెప్పాలి. సాయంత్రం వేళ, డివైడర్ మధ్య ఖాళీలో యూ టర్న్ తీసుకుంటున్నాను. వెనుక మా అమ్మాయి, దాని వీపున పుస్తకాల సంచి. ఎదురుగా వస్తున్న లారీ బాగా దూరంలో ఉందని చూసుకునే తిప్పాను. బండి కుడికి వాలింది, హ్యాండిల్ చివరిదాకా తిరిగింది, ఇంజన్ చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోయింది. నత్తనడకన తిరుగుతున్న బండిని పడకుండా నిలబెట్టేది వెనుక చక్రానికి అందే తోపే. బండి వాలి ఉన్న క్షణంలో ఆ తోపు పోతే 180 కిలోల ఇనుము, దాని మీద ఇద్దరు మనుషులు, అంతా కలిసి లోపలివైపుకే కూలుతుంది. కుడికాలు మోపాను. మోకాలు కలుక్కుమంది గానీ బండి పడలేదు. సెల్ఫ్ నొక్కాను, టిక్కుమన్న శబ్దమైనా రాలేదు. మళ్లీ నొక్కాను. మీటర్ బోర్డులో దీపాలన్నీ మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 16 మీటర్లకు పైగా దూసుకువస్తుంది కనుక, నేను సెల్ఫ్‌తో కుస్తీ పట్టిన ఆ మూడు సెకన్లలో మాకూ లారీకీ మధ్య దూరం 50 మీటర్లు తరిగిపోయి ఉంటుంది. "నాన్నా, దిగనా?" అని అడిగిన పిల్ల నేను జవాబు చెప్పేలోపే దూకేసింది. దాని బరువు తగ్గాక బండిని నిటారుగా లేపి, హ్యాండిల్ సరిచేసి, రోడ్డు అంచుకు నెట్టుకుపోయాను. లారీ డ్రైవరు బ్రేకు తొక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి ఒక మాట అని వెళ్లిపోయాడు. అతని స్థానంలో నేనున్నా ఆ మాటే అనేవాణ్ణి.

అంచుకు చేరాక సెల్ఫ్ నొక్కితే మొదటి నొక్కుకే స్టార్ట్ అయింది. ఎంత చలిలోనైనా ఒక్క నొక్కుకే స్టార్ట్ అవుతుందని పాత సమీక్షలో దీన్ని కూడా పొగిడాను. ఆ సుగుణమే ఇన్నాళ్లూ అసలు జబ్బును దాచిపెట్టింది. ఆగిన ప్రతిసారీ కాసేపు మొరాయించి ఉంటే నేను మొదటి నెలలోనే బండిని విప్పించి ఉండేవాణ్ణి.

సర్వీస్ సెంటర్‌కు మూడుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్, అంటే బండిలోని కంప్యూటర్ రాసుకునే లోపం గుర్తు, ఏమీ లేదన్నారు, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేసి పంపారు. రెండోసారి స్పార్క్ ప్లగ్ మార్చి, పెట్రోలు ఎక్కడ పోయిస్తున్నారని ఆరా తీశారు. మూడోసారి యూ టర్న్ సంగతి చెప్పాక, మెకానిక్ ఒకరు ఆరు కిలోమీటర్లు నడిపి చూసి వచ్చి "ఏమీ లేదు సార్, బండి బ్రహ్మాండంగా ఉంది. మీరు తక్కువ స్పీడులో పెద్ద గేరు వాడుతున్నారేమో చూసుకోండి" అన్నారు. జాబ్ కార్డ్ మీద "సమస్య కనబడలేదు" అని రాసి సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సింది. సమస్య కనబడకపోవడం, సమస్య లేకపోవడం వేరువేరు సంగతులు. కాగితం మీదికి ఎక్కాక మాత్రం రెండూ ఒకటైపోతాయి, పైగా ఆ కాగితం కింద నా సంతకమే ఉంటుంది. ఆయన నడిపి చూసిన దారి మొదటినుంచి చివరిదాకా తిన్ననిది.

ఒక రాత్రి నిద్రపట్టక నోటుపుస్తకం ముందేసుకుని గడులను నిలువుగా చదువుతూ పోయాను. పెట్రోలు ఒకసారి నిండుగా ఉంది, ఒకసారి అడుగంటింది. వాన ఒకసారి ఉంది, నాలుగుసార్లు లేదు. వేడికీ చలికీ పొంతన లేదు. ఎక్కడ ఆగిందన్న గడిలో మాత్రం వరుసగా పార్కింగ్, యూ టర్న్, పార్కింగ్, సందు మలుపు, యూ టర్న్ అని ఉన్నాయి, అన్నీ కుడివైపు మలుపులే. ఒక్కటి తప్ప. దాని సంగతి చివర్లో చెబుతాను. వెంటనే టార్చి పట్టుకుని కిందికి దిగి, బండిని మెయిన్ స్టాండ్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను అంగుళం అంగుళం చొప్పున తిప్పడం మొదలుపెట్టాను. ఎడమకు చివరిదాకా తిప్పినా ఏమీ కాలేదు. కుడికి తిప్పితే, చివరికి ఇంకా రెండు వేళ్ల దూరం ఉందనగా ఇంజన్ ఆగిపోయింది. హ్యాండిల్ తిన్నగా ఉంచి తాళం తిప్పితే ఫ్యూయల్ పంప్ ఎప్పటిలాగే రెండు సెకన్లు జుయ్యిమంది. కుడికి తిప్పి ఉంచి తాళం తిప్పితే మీటర్ బోర్డు వెలిగింది గానీ పంప్ నోరు మెదపలేదు. పదిసార్లు చేస్తే తొమ్మిదిసార్లు అదే జరిగింది. భయపడాల్సిన ఆ సమయంలో నాకు కలిగినది నిజానికి సంతోషం, నా చేయి తడబడడం లేదని తేలినందుకు.

మర్నాడు హెడ్‌లైట్ కవరు విప్పించి చూశాం. కుడిచేతి స్విచ్ బాక్స్ నుంచి వచ్చే తీగల కట్ట స్టీరింగ్ మెడ చుట్టూ తిరిగి లోపలికి పోతుంది. మెడకు సరిగ్గా ఆనుకునే చోట ఆ కట్టను ఫ్రేముకు ఒక ప్లాస్టిక్ టైతో బిగించి కట్టేశారు. ఇక హ్యాండిల్ కుడికి తిరిగిన ప్రతిసారీ తీగలు ఆ ఒక్క బిందువు దగ్గరే వంగాలి తప్ప పక్కకు జరిగే వీలు లేదు. పైన తొడుగు ఎక్కడా చిట్లలేదు, అందుకే చూపుకు ఏమీ దొరకలేదు. వేళ్లతో తడుముతూ పోతే ఒక తీగ ఒకచోట ఎముక లేని వేలులా మెత్తగా తగిలింది. అక్కడ కోసి చూస్తే లోపలి రాగి పోగులు దాదాపు అన్నీ తెగి, కొనలకు పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. మిగిలిన రెండు మూడు పోగులు హ్యాండిల్ తిన్నగా ఉన్నంతసేపూ ఒకదానికొకటి ఆనుకుని పని చేస్తున్నాయి. అది కిల్ స్విచ్ తీగ. అవసరమైతే ఇంజన్‌ను వెంటనే ఆపడానికి కుడిచేతి దగ్గర ఉండే మీటే కిల్ స్విచ్.

ఎర్రర్ కోడ్ ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. ఆ తీగ తెగినా, నేను స్వయంగా కిల్ స్విచ్ నొక్కినా, ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్ ఈసీయూకు అందే సంకేతం ఒక్కటే. నడిపేవాడు ఆపమన్నాడు కనుక ఆపానని అది అనుకుంటుంది, అందులో తప్పేముందని కోడ్ రాసుకుంటుంది? ఇంజన్ తిరుగుతూ తన ఇగ్నిషన్ కరెంటును తానే పుట్టించుకునే పాతకాలపు మాగ్నెటో బండ్లలో ఇది తలకిందులుగా ఉండేది. అక్కడ కిల్ స్విచ్ నొక్కితే ఇగ్నిషన్ కరెంటు ఫ్రేములోకి, అంటే ఎర్త్‌లోకి పోయి ఇంజన్ ఆగేది కనుక, తీగ తెగితే బండి నడుస్తూనే ఉండేది, ఆపడమే కష్టమయ్యేది. ఇప్పటి పద్ధతిలో తీగ తెగితే బండి ఆగుతుంది. థ్రాటిల్ ఇరుక్కుపోయి బండి తనంతట తాను దూసుకుపోయే ప్రమాదాన్ని తలచుకుంటే ఇప్పటి పద్ధతే మేలు కావచ్చు, దాన్ని నేను తప్పుపట్టను. సైడ్ స్టాండ్ స్విచ్, బండి పడిపోతే పసిగట్టే సెన్సర్, క్లచ్ స్విచ్, కిల్ స్విచ్ అంటూ రక్షణ కోసం పెట్టిన ప్రతి పరికరానికీ ఇంజన్‌ను ఆపడమో, స్టార్ట్ కానివ్వకపోవడమో తప్ప మరో పని తెలియదు. నాలుగు చక్రాల వాహనం ఆగితే ఆగినచోట నిలబడుతుంది, రెండు చక్రాలది వాలుగా ఉన్నప్పుడు ఆగితే పడుతుంది. అలాంటప్పుడు ఆ తీగలను కనీసం వంగే చోట కట్టకుండా ఉండాలన్న జాగ్రత్త కంపెనీదే. నెలకోసారి తొడుగు నొక్కి పోగులు లెక్కపెట్టుకోవడం కొనుక్కున్నవాడి పని కాదు.

వారంటీ అప్పటికి దాటిపోయింది. నోటుపుస్తకం, తీగ ముక్క, హ్యాండిల్ తిప్పుతూ తీసిన వీడియో పట్టుకెళ్లి కూర్చుంటే, నాలుగు రోజుల తర్జనభర్జన తర్వాత కొత్త వైరింగ్ కిట్ ఉచితంగా వేసి ఇచ్చారు. అంతవరకు వారికి కృతజ్ఞతలు, ఈ మాట మనస్ఫూర్తిగానే రాస్తున్నాను. కానీ కిట్ పెట్టె విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కొత్త కట్టకు మెడ దగ్గర మెత్తటి అదనపు తొడుగు ఉంది, నాలుగు వేళ్ల పొడవు ఎక్కువ ఉంది, టై కట్టాల్సిన గుర్తు పైకి జరిగింది. పార్ట్ నంబరు పాతదే, చివరి అక్షరం మాత్రం మారింది. అంటే ఎవరో ఎక్కడో ఈ జబ్బును కనిపెట్టి, బొమ్మ మార్చి గీసి, కొత్త భాగానికి అనుమతి తీసుకున్నారు. పాత కట్టతో రోడ్డు మీద తిరుగుతున్నవారికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. మూడుసార్లు నన్ను తిప్పి పంపిన సర్వీస్ సెంటర్ వాళ్లకైనా చెప్పారో లేదో.

ఇలాంటి మౌనానికి ఎంత మూల్యం పడుతుందో కార్ల చరిత్రలో ఒకసారి లెక్క తేలింది. జనరల్ మోటార్స్ చిన్న కార్లు కొన్నింటిలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండి, తాళాల గుత్తి బరువుకో కుదుపుకో తాళం దానంతట అదే వెనక్కి జారేది. ఇంజన్ ఆగిపోయేది, దానితోపాటు ఎయిర్‌బ్యాగులూ పని చేసేవి కావు. నడుస్తున్న కారు ఆగిపోవడాన్ని కంపెనీ లోపల చాలాకాలం వినియోగదారుడి సౌకర్యానికి సంబంధించిన విషయంగా చూశారే తప్ప భద్రతకు సంబంధించినదిగా చూడలేదు. 2006లో స్విచ్‌ను చడీచప్పుడు లేకుండా మార్చారు, పార్ట్ నంబరు మార్చలేదు. కార్లను వెనక్కి పిలిపించింది 2014లో. నష్టపరిహార నిధి 124 మరణాలను ఆ లోపంతో ముడిపెట్టి పరిహారానికి అంగీకరించింది, 2015లో అమెరికా ప్రభుత్వంతో కేసు ఒప్పందానికి కంపెనీ 90 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. నా బండి విషయంలో నంబరు చివరి అక్షరమైనా మార్చారు, అది మెరుగే. అయితే ఆ అక్షరాన్ని ఎక్కడ చూడాలో తెలిసిన కొనుగోలుదారు ఎంతమంది ఉంటారు?

కంపెనీకి ఒకే ఒక్క ప్రశ్నతో ఉత్తరం రాశాను: ఏ ఛాసిస్ నంబరు నుంచి కొత్త వైరింగ్ కిట్‌తో బండ్లు తయారవుతున్నాయి? మూడు వారాలకు వచ్చిన జవాబులో, నా సమస్య పరిష్కారమైనందుకు సంతోషిస్తున్నామని, నా భద్రతే తమకు ముఖ్యమని ఉంది. ఛాసిస్ నంబరు లేదు.

ఇక కొనవచ్చా అని అడిగితే నా జవాబు నా పరిస్థితులకు లోబడినదే. కొత్త కిట్ వేశాక 14 వేల కిలోమీటర్లు తిరిగాను, మలుపుల్లో ఒక్కసారీ ఆగలేదు. దూరప్రయాణాలకు ఈ సీటూ ఈ ఇంజనూ నాకు ఇప్పటికీ నచ్చుతాయి, ఎక్కువగా ఒక్కడినే తిరుగుతాను, ఏ తీగ ఎక్కడుందో నాకు తెలుసు. అందుకే అమ్మలేదు. రోజూ ఇరుకు ట్రాఫిక్‌లో వెనుక పిల్లల్ని కూర్చోబెట్టుకుని యూ టర్న్‌లు తిరగాల్సినవారికి, అందులోనూ పాత బండి చేతులు మారి కొంటున్నవారికి, అంత తేలికగా సిఫారసు చేయలేను. కొనేముందు మెయిన్ స్టాండ్ వేసి, ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను అటూ ఇటూ చివరిదాకా నిదానంగా తిప్పి చూడమని మాత్రం చెబుతాను. అమ్మేవాడు వద్దంటే ఆ బేరం వదులుకోవచ్చు.

నోటుపుస్తకంలో ఒక్కటి తప్ప అన్నానే, అది నాలుగోసారి జరిగినది. తిన్నటి రోడ్డు, గంటకు 80 కిలోమీటర్ల వేగం, హ్యాండిల్ ఎటూ తిరగలేదు. ఒక్క సెకను ఇంజన్ పోయి, చక్రం తిరుగుతూనే ఉండడం వల్ల తనంతట తానే మళ్లీ అందుకుంది. గుంత కుదుపుకు ఆ రెండు మూడు పోగులు విడిపోయి ఉంటాయని మెకానిక్ అంటారు. అయి ఉండవచ్చు. అక్కడ గుంత ఉన్నట్టు నాకు గుర్తు లేదు కనుక, ఆ వరుసలో కారణం రాసే గడిని ఇంకా ఖాళీగానే ఉంచాను.