నూరు శాతం కాటన్ జీన్స్: కాలేజీ రోజుల్లో తొడిగిన ప్యాంటు గురించి

ఎలాస్టేన్ అనే సాగే దారం అస్సలు కలపని కాటన్ జీన్స్ ఒకటి, కాలేజీ రెండో సంవత్సరం మొదట్లో కొన్నాను. ముదురు నీలం, స్ట్రెయిట్ కట్, మగవాళ్ల సెక్షన్‌లోది. ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నాను, క్లాసుకీ ల్యాబ్‌కీ లైబ్రరీకీ ప్రయాణాలకీ ఇంకా అదే తొడుగుతున్నాను. చదువుకునే రోజుల్లో నేను కొన్న బట్టలన్నిటిలో పెట్టిన డబ్బుకు పూర్తిగా పని చేసింది ఇదొక్కటే. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాంటు చాలామంది కుడతారు. వెనక జేబు మీద ఎవరి పేరు ఉందన్నది నాకు పట్టదు, నడుము పట్టీ లోపల కుట్టిన చిన్న లేబుల్ మీద ఏం రాసి ఉందో మాత్రం తప్పకుండా చదువుతాను.

ఆ లేబుల్ చదివే అలవాటు ల్యాబ్ వల్ల వచ్చింది. నేను కెమిస్ట్రీ చదువుతున్నాను. ల్యాబ్‌లో కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు తప్పనిసరి. మంట అంటుకుంటే కాటన్ కాలుతుంది, పాలిస్టర్, నైలాన్ అయితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి అని మా మేడమ్ మొదట్లోనే చెప్పారు. ఆ రోజు సాయంత్రం హాస్టల్‌కి వచ్చి నా ప్యాంట్లన్నీ తిరగేసి లేబుళ్లు చదివాను. ఒక జీన్స్‌లో కాటన్ సగం కన్నా కొంచెం ఎక్కువ, మిగతాదంతా పాలిస్టర్, విస్కోస్, కాస్త ఎలాస్టేన్. పైనుంచి చూస్తే అది ఏ జీన్స్‌కీ తీసిపోదు. ముట్టుకున్నా సులభంగా తేడా తెలియదు. తేడా అంతా లోపలి లేబుల్ మీద ఉంది.

ఎలాస్టేన్ చెడ్డదని నేను అనను. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన దారం అది. లైక్రా అనే పేరుతో అందరికీ తెలుసు. బట్టలో ఒకటి రెండు శాతం ఉన్నా చాలు, కూర్చున్నప్పుడు సాగి, లేచినప్పుడు మళ్లీ దగ్గరికి వస్తుంది. ఇబ్బందల్లా అది ఎప్పటికీ అలాగే ఉండకపోవడం. వేడి, బ్లీచ్, రోజూ ఒకేచోట సాగడం, వీటన్నిటితో ఆ దారం మెల్లగా పట్టు కోల్పోతుంది. క్లాసు వెంట క్లాసు కూర్చునే మనకు ముందు పోయేది మోకాళ్ల దగ్గరే. నా పాత స్ట్రెచ్ జీన్స్ రంగు బాగానే ఉంది, కుట్లు ఒక్కటీ ఊడలేదు, కానీ మోకాళ్లు ఉబ్బి, వెనక వదులై, మధ్యాహ్నానికల్లా ఎవరిదో అడిగి తొడుక్కున్నట్టు ఉండేది. చిరగని ప్యాంటును పక్కన పడేయాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది.

కాటన్ జీన్స్‌కి ఆ జబ్బు తక్కువ. ఒంటి వేడికి, కదలికకు అదీ కొంచెం వదులవుతుంది, ఉతికితే మళ్లీ బిగుస్తుంది. అందుకని ట్రయల్ రూమ్‌లో దీన్ని చూసే పద్ధతే వేరు. స్ట్రెచ్ ప్యాంటు తొడగ్గానే హాయిగా ఉంటుంది, దీనికి ఆ మొదటి హాయి లేదు. గుండీ పెట్టుకునేటప్పుడు నడుము దగ్గర కాస్త గట్టిగా అనిపించాలి, కానీ ఊపిరి పట్టేసేలా ఉండకూడదు. నిలబడి అద్దంలో చూసుకోవడం ఒక్కటే సరిపోదు. గొంతుక్కూర్చోండి, స్టూల్ ఉంటే దాని మీద కూర్చుని ముందుకు వంగండి, ఒక కాలు ఎత్తి చూడండి. తొడ దగ్గర పట్టేస్తే ఆ సైజు వదిలేయండి, ఎందుకంటే వాడగా వాడగా నడుము ఎంతో కొంత సర్దుకుంటుంది గానీ తొడ, సీటు అంతగా సర్దుకోవు.

సైజు నంబర్ మాత్రం నమ్మొద్దు. ట్యాగ్ మీద 30 అని ఉన్న ప్యాంటును టేపుతో కొలిస్తే 31, 32 అంగుళాలు వచ్చేవి బోలెడు ఉన్నాయి. కొనేవాళ్లకు తాము సన్నగా ఉన్నామనిపించడానికి కంపెనీలు నంబర్ తగ్గించి వేస్తాయి. దీని వల్ల అమ్మాయిలు ఒక షాపులో సంతోషంగా, ఇంకో షాపులో దిగులుగా బయటికి రావడం చూశాను. రెండు చోట్లా నడుము అదే కదా. నా బ్యాగులో ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది. ఇంట్లో మీకు బాగా కుదిరిన ప్యాంటును నేల మీద పరిచి నడుము, సీటు, తొడ, లోపలి కాలి పొడవు, కింది బాటమ్ వెడల్పు కొలిచి ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొన్నా, షాపులో ట్రయల్ రూమ్ ముందు పెద్ద వరుస ఉన్నా ఆ కొలతలే పనికొస్తాయి. నేను వెనక్కి పంపే బట్టలు తగ్గిపోయింది దీని వల్లే.

మగవాళ్ల సెక్షన్‌కి ఎందుకు వెళ్లానంటే, జేబుల కోసం. ఇది నాకు చిన్న విషయం కాదు. ఫోన్, ఐడీ కార్డు, గది తాళం, ఒక పెన్ను, ఇవి రోజంతా నాతో ఉండాలి. ఆడవాళ్ల జీన్స్‌లో ముందు జేబులో ఫోన్ పెడితే సగం బయటే ఉంటుంది, కూర్చోగానే జారిపోతుంది. కొన్నిటికైతే జేబులా కనిపించే కుట్టు మాత్రమే ఉంటుంది, వేలు పెట్టడానికి దారి కూడా ఉండదు. 2018లో ది పుడ్డింగ్ అనే వెబ్ పత్రిక 20 బ్రాండ్ల జీన్స్ తీసుకుని జేబులు కొలిచింది. ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్ల వాటికన్నా సగటున 48 శాతం పొట్టిగా, 6.5 శాతం ఇరుకుగా ఉన్నాయని తేలింది. దాదాపు సగం! ఒకే కాలేజీ, ఒకే ఫోను, ఒకే ఐడీ కార్డు, మరి జేబులో ఈ తేడా దేనికి?

అసలు జీన్స్ పుట్టిందే జేబుల గొడవతో. అమెరికాలో రీనో అనే ఊళ్లో జాకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కూలి పని చేసేవాళ్ల ప్యాంట్లు జేబు మూలల దగ్గర చిరిగిపోతుంటే అక్కడ రాగి రివెట్లు, అంటే మేకుల్లాంటి చిన్న బిళ్లలు, కొట్టి చూశాడు. అవి నిలిచాయి. తనకు బట్ట అమ్మే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు తీసుకున్నాడు. బరువు మోసే జేబు చిరగకూడదన్న ఆలోచనతో మొదలైన ప్యాంటుకు ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఉత్తుత్తి జేబులు కుట్టడం నాకు కోపం తెప్పిస్తుంది.

నా ప్యాంటు ముందు జేబులో చెయ్యి మణికట్టు దాకా దిగుతుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ కూడా పడుతుంది. మూలల్లో రివెట్లు గట్టిగా ఉన్నాయి. అయితే ఒక లోపం చెప్పాలి. జేబు లోపలి సంచి బట్ట పల్చన. తాళం చెవి రాసుకుని అక్కడ చిల్లు పడింది, ఇప్పుడు చేత్తో కుట్టుకుని వాడుతున్నాను. లేబుల్ మీద నూరు శాతం కాటన్ అని ఉన్నా ఆ లోపలి బట్ట చాలా కంపెనీలు పాలిస్టర్ కలిపిందే వేస్తాయి, కుట్టు దారం కూడా తరచు పాలిస్టరే. కొనేటప్పుడు జేబును బయటికి లాగి వేళ్ల మధ్య నలిపి చూడండి. దాన్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు, అందుకే కంపెనీలు ముందు అక్కడే పొదుపు చేస్తాయి.

మగవాళ్ల కట్ కావడంతో నడుము వెనక కొంచెం ఖాళీ వచ్చింది. టైలర్ దగ్గర వెనక పట్టీ విప్పించి లోపలికి పట్టించాను. ఆ ఆల్టరేషన్ తర్వాత బెల్టు అక్కర్లేకపోయింది. పొడవు మాత్రం కొన్న వెంటనే కత్తిరించొద్దు. కాటన్ మొదటి ఉతుకులో కురచ అవుతుంది. చాలా జీన్స్ బట్టను కంపెనీలోనే ముందుగా కుదించి కుడతారు. శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి అది, అందుకే అలాంటి బట్టను శాన్‌ఫరైజ్డ్ అంటారు. అలా చేసింది కొద్దిగానే తగ్గుతుంది. చేయనిది పది శాతం దాకా కూడా తగ్గొచ్చు. ముందు ఉతికి, ఆరేసి, తర్వాతే టైలర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక రంగు. కెమిస్ట్రీ చదివేదాన్ని కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. డెనిమ్, అంటే జీన్స్ బట్ట, నేతలో పడుగు (నిలువు) దారాలకు మాత్రమే ఇండిగో అనే నీలి రంగు వేస్తారు, పేక (అడ్డ దారం) తెల్లగా ఉంటుంది. ప్యాంటు తిరగేస్తే లోపల తెల్లగా కనిపించేది అందుకే. ఇండిగో నీళ్లలో కరగదు. దాన్ని క్షయకరణం చేసి కరిగే రూపంలోకి మారుస్తారు, అప్పుడు తొట్టిలో ద్రవం పసుపుపచ్చగా ఉంటుంది. అందులో ముంచిన దారాన్ని పైకి తీస్తే గాలిలో ఆక్సిజన్ తగిలి కళ్ల ముందే నీలమవుతుంది. ఇలా ఎన్నోసార్లు ముంచి తీస్తారు. అయినా రంగు దారం పై పొరల్లోనే ఉంటుంది, నడిమధ్యకు చేరదు. కాటన్‌తో గట్టి రసాయన బంధం కూడా ఉండదు. అందుకే రుద్దుకున్న చోటల్లా రంగు రాలి లోపలి తెలుపు బయటపడుతుంది. జీన్స్ అందం అంతా ఈ రాలడంలోనే ఉంది. నా ప్యాంటు కుడి జేబు మీద ఫోన్ ఆకారం లేత నీలంగా దిగింది, మోకాళ్ల వెనక ముడతలు గీతలుగా వచ్చాయి. ఇవి ఏ షాపులోనూ దొరకవు.

కొత్తలో మాత్రం ఇబ్బందే. తెల్ల బూట్లకు, లేత రంగు బ్యాగుకు నీలం అంటుతుంది. మొదటి కొన్ని ఉతుకులు విడిగా వేయాల్సిందే. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెప్తారు. ఇండిగో విషయంలో అది పనిచేయదు, దారం మీద కూర్చున్న రంగును ఉప్పు పట్టి ఉంచలేదు. ఫ్రీజర్‌లో పెడితే శుభ్రమవుతుందనే మాట కూడా నమ్మొద్దు. చాలా బ్యాక్టీరియా చలికి చావదు, మళ్లీ వేడి తగలగానే లేచి కూర్చుంటుంది. నేను చేసేది ఇంతే: ప్యాంటు తిరగేసి, చల్లటి నీళ్లలో కొంచెం సబ్బుతో నలపకుండా ఉతికి, నీడన ఆరేయడం. బ్లీచ్ దగ్గరికి రానివ్వను, అది ఇండిగో అణువునే విరగ్గొడుతుంది. లేబుల్ మీద త్రిభుజాన్ని X ఆకారంలో కొట్టేసి ఉంటే బ్లీచ్ వద్దని అర్థం. తొట్టి బొమ్మలో ఉన్న అంకె నీళ్ల వేడి అంతకు మించొద్దని చెప్తుంది. చతురస్రంలో గుండ్రం డ్రయ్యర్ గుర్తు, దాన్నీ X ఆకారంలో కొట్టేసి ఉంటే దండెమే గతి.

ముందే వెలిసిపోయినట్టు కనిపించే జీన్స్ ఎందుకు కొనలేదని స్నేహితురాలు అడిగింది. ఆ వెలిసిన రూపం కోసం కొన్నిచోట్ల ప్యాంట్ల మీదికి ఇసుకను గాలితో వేగంగా కొట్టేవాళ్లు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయి కార్మికులకు సిలికోసిస్ అనే జబ్బు వచ్చింది, ప్రాణాలు పోయాయి. 2009లో టర్కీ ఆ పద్ధతిని నిషేధించింది. ఇప్పుడు లేజర్లు, వేరే పద్ధతులు వచ్చాయి, నిజమే. కానీ షాపులో వేలాడుతున్న ప్యాంటును చూసి అది ఎలా వెలిసిందో నేను చెప్పలేను. ముదురు రంగుది కొంటే ఆ ప్రశ్నే ఉండదు, వెలవడం మన ఒంటి మీదే జరుగుతుంది.

లోపాలు ఇంకా ఉన్నాయి. బరువు ఎక్కువ. డెనిమ్ మందాన్ని చదరపు గజానికి ఇన్ని ఔన్సులని చెప్తారు. నాది 12 ఔన్సులది, అంటే చదరపు మీటరుకు 400 గ్రాముల పైమాట. వేడి రోజుల్లో ఇది తొడుక్కుని నడిస్తే చెమట పడుతుంది. వానలో తడిస్తే కాళ్లకు బరువు కట్టినట్టే. హాస్టల్ గదిలో ఆరేస్తే ఒక్కరోజులో ఆరుతుందన్న నమ్మకం లేదు, నడుము పట్టీ, జేబుల దగ్గర చెమ్మ మిగిలిపోతుంది. కాబట్టి ఉన్నది ఇదొక్కటే ప్యాంటు అయితే కష్టం, పక్కన పల్చటిది ఇంకోటి ఉండాలి. బెల్టు లూప్ ఒకటి ఊడొచ్చింది, మళ్లీ కుట్టించాను. జిప్ మాత్రం లోహపుది, ఇప్పటిదాకా ఒక్కసారీ మొరాయించలేదు.

వేడి ఎక్కువ ఉండే చోట చదువుతున్నవాళ్లు ఇదే నూరు శాతం కాటన్‌లో 10 ఔన్సుల లోపుది చూడండి. మన్నిక కొంచెం తగ్గినా రోజూ తొడగగలుగుతారు. సైకిల్ మీద చాలా దూరం వెళ్లేవాళ్లకు, డాన్స్ ప్రాక్టీసుకు అదే ప్యాంటుతో పోవాల్సినవాళ్లకు ఇది నప్పదు, తొడల మధ్య కుట్టు దగ్గర త్వరగా అరిగిపోతుంది. వాళ్లు స్ట్రెచ్‌దే తీసుకోండి. కాకపోతే లేబుల్ చూసి, ఎలాస్టేన్ ఒకటి రెండు శాతానికి మించనిది, మిగతాదంతా కాటనే అయినది ఎంచుకోండి. డ్రయ్యర్ వేడి తగలనివ్వకండి, ఎక్కువకాలం వస్తుంది.