పాత కాంపౌండ్ రైజర్ మీద కట్టుకున్న రికర్వ్ బో, కొన్నేళ్ళు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ బో నాకు చాలా నచ్చింది, ఇప్పటికీ వారం వారం దీంతోనే వేస్తున్నా. కొత్తవాళ్ళకి ఒక మాట, కాంపౌండ్ అంటే కొనల్లో వీల్స్, కేబుల్స్ ఉండే విల్లు, రికర్వ్ అంటే అవేవీ లేకుండా కొనలు ముందుకి వంగిన విల్లు. మధ్యలో చేత్తో పట్టుకునే గట్టి భాగం రైజర్, పైనా కిందా వంగే రెక్కలు లింబ్స్. పాత కాంపౌండ్ రైజర్ ఒక్కటే ఉంచుకుని దానికి రికర్వ్ లింబ్స్ బిగించుకున్నా. అయితే ఇలాంటిది కట్టుకుందాం అనుకునేవాళ్ళకి ఒక్క మాట, ఈ బో బాగా వస్తుందా రాదా అన్నది లింబ్స్ దగ్గరో డ్రిల్లింగ్ దగ్గరో కాదు, పాత కాంపౌండ్ కొనేటప్పుడే ముప్పాతిక భాగం తేలిపోతుంది. అందుకే ఆ ముక్క గురించే ఎక్కువ రాస్తా.

నేనుండేది మిషిగన్‌లో. ఫ్రెడ్ బేర్ 1933లో డెట్రాయిట్‌లో కంపెనీ మొదలుపెట్టి తర్వాత గ్రేలింగ్‌కి మార్చి 1978 దాకా ఇక్కడే విల్లులు చేయించాడు, అక్టోబర్ 1 రాగానే మా వీధిలో సగం మంది బో పట్టుకుని జింకల వేటకి పోతారు. దాంతో తాకట్టు కొట్లలో (pawn shops) గరాజ్ సేల్స్‌లో పాత కాంపౌండ్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. మిస్సోరీలో హోలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన 1966లో కాంపౌండ్‌కి పేటెంట్ అప్లై చేస్తే 1969లో వచ్చింది, అక్కడ్నించి టెక్నాలజీ ఎంత మారిందంటే 80ల్లో గుండ్రటి వీల్స్‌తో వచ్చినవాటికి లెటాఫ్, అంటే పూర్తిగా లాగాక చేతి మీద తగ్గే బరువు, 50 శాతం దగ్గర ఉంటే ఇప్పటివి 80 దాటేశాయి, సో ఆ పాతవాటిని వేటగాళ్ళెవరూ ముట్టుకోరు. వీల్స్, కేబుల్స్, లింబ్స్ పాతబడిపోయాయి నిజమే, కానీ మధ్యలో ఉండే లోహపు రైజర్‌కి ఏమీ కాలేదు కదా. నాది 40 డాలర్లకి వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. మొదట చూడాల్సింది అది ఏ లోహం అని. 80ల నాటి చవక కాంపౌండ్లు చాలావరకు మెగ్నీషియం పోతవి, ఆ తర్వాత వచ్చినవాటిలో అల్యూమినియం దిమ్మలోంచి మెషిన్ చేసినవి ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకటే, మ్యాగ్నెట్ దేనికీ అంటదు. పెయింట్ ఊడిన చోట ఒక చుక్క వెనిగర్ వేసి చూడండి, మెగ్నీషియం అయితే బుడగలు పొంగుతాయి. ఎందుకింత పట్టింపు అంటే మెగ్నీషియం రజను నిప్పు తగిలితే అంటుకుంటుంది, అంటుకున్నాక నీళ్ళు పోస్తే ఇంకా రెచ్చిపోతుంది, దానికి పొడి ఇసుకో లోహాల మంటలకి వాడే స్పెషల్ ఎక్స్‌టింగ్విషరో కావాలి. ఇంట్లో గరాజ్‌లో పెట్రోల్ డబ్బా పక్కన పెట్టుకుని డ్రిల్ చేసే పని కాదండి ఇది. మెగ్నీషియం రైజర్ దొరికితే అసలు రంధ్రం పెట్టకుండా పని అయ్యే పద్ధతి చూసుకోండి, లేదంటే వదిలేయండి. నేనైతే అల్యూమినియం దొరికేదాకా ఆగాను.

రెండోది రైజర్ వంపు. లింబ్ పాకెట్లు, అంటే రైజర్‌లో లింబ్స్ కూర్చునే చోట్లు, గ్రిప్ కంటే వెనక్కి, అంటే మనవైపుకి ఉంటే డిఫ్లెక్స్, ముందుకి ఉంటే రిఫ్లెక్స్. పాతవాటిలో డిఫ్లెక్సో తిన్నగా ఉన్నవో దొరుకుతాయి, రికర్వ్‌కి అవే హాయి. కొత్త కాంపౌండ్లు బాగా రిఫ్లెక్స్, వాటి మీద రికర్వ్ లింబ్స్ పెడితే చేతిలో చిన్న తేడా వచ్చినా బాణం ఎటో పోతుంది. మూడోది పాకెట్ చుట్టూ, బోల్ట్ రంధ్రం చుట్టూ పగుళ్ళు. టార్చ్ వేసి, వేలిగోరుతో గీకి చూడండి, వెంట్రుకంత గీత ఉన్నా కొనొద్దు. స్ట్రింగ్ పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు రైజర్ విరిగితే అది మొహం ముందే విరుగుతుంది మరి.

విప్పడం గురించి రెండు మాటలే. పాతవాటికి లింబ్ బోల్ట్స్ పొడుగ్గా ఉంటే పైనా కిందా సమానంగా, ఇటో చుట్టు అటో చుట్టు వదులు చేస్తూ పోతే టెన్షన్ మొత్తం దిగిపోతుంది. బోల్ట్ బయటికి వచ్చేస్తోంది కానీ కేబుల్స్ ఇంకా బిగుతుగానే ఉన్నాయి అంటే అక్కడితో ఆపి మళ్ళీ బిగించేసి ఆర్చరీ షాపుకి తీసుకెళ్ళండి, వాళ్ళ దగ్గర లింబ్స్‌ని నొక్కి పట్టే బో ప్రెస్ ఉంటుంది, నిమిషాల్లో అయిపోతుంది.

లింబ్స్‌కి నేను ఐఎల్ఎఫ్ (ఇంటర్నేషనల్ లింబ్ ఫిట్టింగ్) తీసుకున్నా. హోయ్ట్ వాళ్ళు 80ల్లో తెచ్చిన డవ్‌టెయిల్ పద్ధతే ఇది, ఇప్పుడు దాదాపు అన్ని టార్గెట్ రికర్వ్‌లకీ ఇదే ఫిట్టింగ్, అంటే లింబ్స్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు అమ్ముకోవచ్చు. లింబ్ చివర యూ ఆకారంలో గాడి బోల్ట్ కిందకి పోతుంది, కొంచెం అవతల చిన్న డవ్‌టెయిల్ బొడిపె రైజర్‌లో ఉన్న గాట్లో కూర్చుంటుంది. కాంపౌండ్ రైజర్‌లో ఆ గాటు ఉండదు కాబట్టి పాకెట్‌లో కూర్చునేలా అల్యూమినియం ప్లేట్ చేయించి దాంట్లో గాటు పెట్టించా. ఇక్కడ ఆటో కంపెనీల చుట్టూ చిన్న చిన్న మెషిన్ షాపులు బోలెడు, మా ఆఫీసులో ఒకాయనకి తెలిసిన చోట చేసిచ్చారు. ఈ ప్లేట్ పని చేత్తో ఆకురాయి పట్టి చేసేకంటే మిల్లింగ్ మెషిన్ మీద చేయించడమే మంచిది, రెండు ప్లేట్లలో గాటు అర మిల్లీమీటర్ అటూఇటూ అయినా లింబ్ పక్కకి తిరిగి కూర్చుంటుంది, అక్కడ్నించి మీరు ఎంత ట్యూనింగ్ చేసినా బాణం మాట వినదు.

డ్రా వెయిట్, అంటే స్ట్రింగ్ లాగడానికి పట్టే బలం, ఆ లెక్క కూడా ముందే వేసుకోండి. ఐఎల్ఎఫ్ లింబ్ మీద రాసిన పౌండ్లు 25 అంగుళాల రైజర్‌కి, 28 అంగుళాల డ్రాకి. రైజర్ అంగుళం తగ్గితే సుమారు ఒక పౌండ్ పెరుగుతుంది. నా రైజర్ 21 అంగుళాలు, మీడియం లింబ్స్ మీద 30 అని ఉంది, నాకు చేతికి వచ్చేది 34 దగ్గర. మొత్తం బో పొడవు 64 అంగుళాలు అయింది. దీనికి తోడు పాకెట్ కోణం ఒకటుంది, కాంపౌండ్ పాకెట్ కోణం ఐఎల్ఎఫ్ రైజర్‌ది కాదు, లింబ్ కొనలు మరీ ముందుకి చూస్తుంటే బరువు ఇంకా పెరిగి లింబ్ మీద అనవసరంగా ఒత్తిడి పడుతుంది. అప్పుడు లింబ్ మొదలు కింద, బోల్ట్ వైపు మందంగా ఉండేలా వెడ్జ్ పెడితే కోణం తగ్గుతుంది. నా ప్లేట్‌నే అలా ఏటవాలుగా చేయించా. మొదటిసారి కట్టేటప్పుడు పొడుగు స్ట్రింగ్‌తో తక్కువ టెన్షన్‌లో కట్టి పక్కనుంచి రెండు కొనలూ ఒకేలా వంగుతున్నాయా చూసి, ఆ తర్వాతే అసలు స్ట్రింగ్‌కి పోవాలి. స్ట్రింగర్ తాడు లేకుండా కాలితో తొక్కి కట్టకండి, లింబ్ మెలి తిరిగిపోతుంది.

అలైన్‌మెంట్‌కి నేను పెద్ద సామానేం వాడలేదు. రెండు లింబ్స్ మీద మాస్కింగ్ టేప్ వేసి సరిగ్గా మధ్యలో గీత గీసి, బోని కుర్చీ మీద పెట్టి వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే స్ట్రింగ్ రెండు గీతల మీదుగా, స్టెబిలైజర్ (బో కదలకుండా ముందు బిగించే కడ్డీ) రంధ్రం మధ్య నుంచి పోవాలి. పోకపోతే పాకెట్ పక్కన సన్నటి ఇత్తడి రేకు పెట్టి జరుపుకోవాలి. ఓపిక పట్టాల్సిన ఘట్టం ఏదన్నా ఉంటే ఇదే, కానీ ఇది కుదిరితే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి.

స్ట్రింగ్ డాక్రాన్, కొంచెం సాగే పాలిస్టర్ దారం, 60 అంగుళాలు. ఐఎల్ఎఫ్ లింబ్స్ అస్సలు సాగని ఫాస్ట్ ఫ్లైట్ రకం స్ట్రింగ్‌ని కూడా తట్టుకుంటాయి, స్పీడ్ కూడా కొంచెం వస్తుంది, అయినా నాకు డాక్రాన్ మెత్తదనం, తక్కువ చప్పుడు నచ్చాయి. మొదట్లో సాగుతుంది, మెలికలు వేస్తూ బ్రేస్ హైట్ (గ్రిప్ నుంచి స్ట్రింగ్‌కి దూరం) 8 అంగుళాల దగ్గర పట్టుకుంటే చాలు. టిల్లర్, అంటే లింబ్ మొదలు దగ్గర్నించి స్ట్రింగ్‌కి ఉండే దూరం, కింద కంటే పైన అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ పెట్టా, నేను ఒక వేలు పైన రెండు కింద పట్టి లాగుతా కాబట్టి. మూడు వేళ్ళూ కిందే పట్టేవాళ్ళు ఇంచుమించు సమానంగా పెట్టుకోవచ్చు.

ఇక వేస్తుంటే ఎలా ఉంది అంటే, బరువుంది, ఆ బరువే దీని అందం. నా పాత చెక్క టేక్‌డౌన్ (లింబ్స్ విడదీసే) బోతో ఎయిమ్ చేసేటప్పుడు ఎడమ చెయ్యి సన్నగా వణికేది, ఇది నిండు బిందెలా కదలకుండా నిలబడుతుంది. వదిలాక చేతికి ఝల్లుమనే అదురు కూడా తక్కువ. ఇంకో పెద్ద లాభం రంధ్రాలు. ప్లంజర్‌కీ (బాణం పక్కన ఆనే చిన్న స్ప్రింగ్ బొత్తం) స్టెబిలైజర్‌కీ 5/16-24 మరలు, సైట్‌కి 10-24 మరలు, కాంపౌండ్‌కీ రికర్వ్‌కీ ఇవి ఒకటే, సో ఏ యాక్సెసరీ అయినా నేరుగా ఎక్కుతుంది. బాణం ఆనే చోట రైజర్ (సైట్ విండో) సెంటర్ దాటి బాగా లోపలికి కోసి ఉంటుంది కాబట్టి ప్లంజర్ తప్పనిసరి, దాన్ని బయటికి తిప్పుకుని బాణాన్ని లైన్‌లోకి తెచ్చుకోవాలి. నాకు 600 స్పైన్ (బాణం బిరుసుని చెప్పే నంబర్) కార్బన్ బాణాలు బాగా కుదిరాయి, ఈకలు లేని బాణం కూడా 20 గజాల్లో మిగతావాటి పక్కనే దిగుతోంది.

వాడగా వాడగా తెలిసినవి కొన్ని. కాంపౌండ్ గ్రిప్ రికర్వ్ చేతికి మరీ సన్నం, మరీ లో, ఎపాక్సీ పుట్టీతో లావు చేసి పైన సైకిల్ హ్యాండిల్ టేప్ చుట్టా, ఇక్కడి చలికాలంలో ఉత్త లోహం పట్టుకోవడం నరకం. ప్లేట్ స్క్రూలు వాడకంలో వదులవుతాయి, నీలం రంగు లాక్‌టైట్ (మరలు వదులవకుండా వేసే జిగురు) వేశాక మళ్ళీ కదల్లేదు, అయినా ప్రతి సెషన్ ముందు చెయ్యి పెట్టి చూస్తా. కేబుల్స్‌ని పక్కకి పట్టే కేబుల్ గార్డ్ రాడ్ తీసేసిన రంధ్రంలో చిన్న బరువు బిగిస్తే బ్యాలెన్స్ ఇంకా బాగుంది. బేర్‌బో (సైట్, స్టెబిలైజర్ లేకుండా వేసే) పోటీలకి తీసుకెళ్ళాలనుకుంటే, వరల్డ్ ఆర్చరీ రూల్ ప్రకారం స్ట్రింగ్ తీసిన బో, దానికి తగిలించిన బరువులతో సహా 12.2 సెంటీమీటర్ల రింగ్‌లోంచి దూరాలి, వెడల్పాటి కాంపౌండ్ రైజర్లు కొన్ని అక్కడే ఆగిపోతాయి, కొనేముందే టేప్ పెట్టి కొలుచుకోండి.

విజయవాడ నుంచి మా అక్క కొడుకు అడిగాడు, మామయ్యా నేనూ ఇలాంటిది కట్టుకోనా అని. జ్యోతి సురేఖ కాంపౌండ్, ధీరజ్ బొమ్మదేవర రికర్వ్, ఇద్దరిదీ ఆ ఊరే, పిల్లలకి ఉత్సాహం రాకుండా ఎలా ఉంటుంది. వాడికి మాత్రం వద్దనే చెప్పా. ఇక్కడ పాత కాంపౌండ్లు గుట్టలుగా పడున్నాయి కాబట్టి ఇది గిట్టుబాటు, అక్కడ సెకండ్ హ్యాండ్ కాంపౌండ్ అంటేనే రేటు పలుకుతుంది, ఆ డబ్బుతో అకాడమీలో చేరి కోచ్ కళ్ళ ముందు తేలికపాటి బోతో నేర్చుకోరా అన్నా. అమెరికాలో ఉండి, ఇప్పటికే కొన్నాళ్ళు రికర్వ్ వేసి, తనకి ఎన్ని పౌండ్లు నప్పుతాయో తెలిసినవాళ్ళకైతే గట్టిగా చెప్తా, కట్టుకోండి. లింబ్స్, ప్లేట్లు, బాణం ఆనించే రెస్ట్ అన్నీ కలిపితే కొత్త ఎంట్రీ లెవెల్ ఐఎల్ఎఫ్ బో ధరకి మరీ తక్కువేం పడదు, కానీ ఆ ధరలో ఇంత బరువు, ఇంత నిలకడ ఉన్న రైజర్ నాకైతే కొత్తగా దొరకలేదు. నేను వచ్చే సమ్మర్‌కి 34 రాసి ఉన్న లింబ్స్‌కి మారదామని చూస్తున్నా, రైజర్ ఇదే, ప్లేట్లూ ఇవే.