హైస్కూలు జీవశాస్త్ర ప్రయోగాల కిట్: కొనండి, ఇంకో సీసా మాత్రం మీరే తెచ్చుకోండి

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా జీవశాస్త్ర ప్రయోగాలకని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఒకటి ఈ ఏడాది మా బడికి తెప్పించాను. ధర రూ. 3,450. నేను దివిసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కంపెనీ పేరు రాయడం లేదు. దాదాపు ఇదే సరుకుతో వేరే పేర్ల మీద కూడా పెట్టెలు దొరుకుతున్నాయి. నేను చెప్పే సంగతులు వాటిలో ఏది కొనాలన్నా చూసుకోవలసినవే.

కొనమనే నా సలహా. అందుకు పెద్ద కారణం ఒక్కటే. ఒకటి తప్ప ముఖ్యమైన సామానంతా ఇందులో జతలుగా ఇచ్చారు. పరీక్షనాళికలు రెండేసి చొప్పున ఆరు జతలు, 100 మిల్లీలీటర్ల కొలజాడీలు రెండు, థర్మామీటర్లు రెండు, పెట్రీ డిష్‌లు ఎనిమిది, అయోడిన్ బుడ్డి, పీహెచ్ కాగితాలు, గ్రాములో పదో వంతు దాకా చూపించే చిన్న డిజిటల్ త్రాసు. ఇంతకుముందు నేను చూసిన కిట్లలో అన్నీ ఒక్కొక్కటే ఉండేవి. ఒక్క నాళికలో గంజి పోసి అయోడిన్ వేస్తే పిండిపదార్థం ఉన్నందుకు నీలం వస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, అక్కడితో అయిపోతుంది. అది ప్రదర్శన. ప్రయోగం కావాలంటే పక్కన ఇంకో నాళిక ఉండాలి, ఆ రెంటికీ తేడా ఒక్కటే ఉండాలి. ఆ ఒక్క తేడా ఏమిటో పిల్ల తన నోటితో చెప్పగలగాలి.

రంగు కార్డులు కూడా ఇచ్చారు. ఆకుపచ్చ కార్డు మీద ‘మనం మార్చేది’, పసుపు కార్డు మీద ‘మనం కొలిచేది’, తెల్ల కార్డుల మీద ‘మార్చకుండా ఉంచేవి’ అని అచ్చువేసి, కింద చిన్న అక్షరాల్లో స్వతంత్ర చరరాశి వగైరా పుస్తకం మాటలు పెట్టారు. ప్రయోగం మొదలుపెట్టేముందు కార్డులు నింపి బల్ల మీద పరవాలి. ఆకుపచ్చ కార్డు ఒక్కటే. తెల్లవి మాత్రం ఎన్నయినా రాసుకోవచ్చు. ఈ ఏర్పాటు ఎవరు ఆలోచించారో గానీ తరగతి గది తెలిసినవాళ్లే అయి ఉంటారు. తెల్ల కార్డులు నింపేటప్పుడే పిల్లల బుర్రలు నిజంగా పనిచేస్తాయి.

ఈ కిట్‌తో చేసినవాటిలో మేం ఎక్కువ రోజులు పట్టుకుని కూర్చున్నది ఉప్పునీళ్లు, పెసల ప్రయోగం. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో వరి కోసాక పెసరో మినుమో వేస్తారు, మిగతావాళ్లలో చాలామంది రొయ్యల చెరువుల మీద పనిచేసే ఇళ్ల నుంచి వస్తారు. పక్క చెరువు ఉప్పు ఊరి చేను పాడైందన్న మాట ఇక్కడ ప్రతి ఊళ్లోనూ వినపడుతుంది. అందుకని కిట్ పుస్తకంలో ‘మొలకలపై ఉప్పు ప్రభావం’ అన్న పేజీ తీయగానే ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేకపోయింది.

అయితే ఆ పేజీలో పరికల్పన (అంటే ప్రయోగంతో పరీక్షించి చూసే ఊహ) అన్న శీర్షిక కింద ‘ఉప్పు వల్ల మొలకలకు ఏమవుతుంది?’ అని వేశారు. అది ప్రశ్న, పరికల్పన కాదు. మన రాష్ట్ర పాత పాఠ్యపుస్తకాల విద్యా ప్రమాణాల్లో ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’ అని రెంటినీ పక్కపక్కన పెట్టారు, రెండూ ఒకటే కాదు కాబట్టే. ఆ ప్రశ్నకు మా పిల్లలు రాసుకున్న జవాబు ఇది: ‘నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ మొలకెత్తే గింజల సంఖ్య తగ్గుతుంది.’ ఇది తప్పని తేలడానికి వీలున్న మాట. ఉప్పు నీళ్లలోనూ గింజలన్నీ మొలిస్తే పరికల్పన పోయినట్టే. వెనక బెంచీ వాళ్లు ‘ఉప్పు పంటకు మంచిది కాదు’ అని రాశారు. మంచి అంటే దేన్ని కొలుస్తారని అడిగితే, ఆలోచించుకుని దాన్ని తిరగరాశారు.

నాలుగు ద్రావణాలు చేశాం: ఉప్పు లేనిది, 100 మిల్లీలీటర్లకు అర గ్రాము, ఒక గ్రాము, రెండు గ్రాములు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి కాబట్టి మా ద్రావణాల్లో ఘాటైనది (లీటరుకు 20 గ్రాములు) కూడా సముద్రం కంటే పలచనే. ఒక్కో ద్రావణానికి రెండేసి డిష్‌లు, డిష్‌కు ఇరవై గింజలు, అన్నిటికీ ఒకే మోతాదు దూది, ఒకే కొలత నీళ్లు. గింజలన్నీ ఒకే పొట్లంలోవి, బాగా కలిపి, ఏరకుండా లెక్కపెట్టాం. ‘లావు గింజలన్నీ మంచినీళ్ల డిష్‌లోకి పోకుండా చూడాలండీ’ అని ఒకమ్మాయి తెల్ల కార్డు అడిగి తీసుకుని మరీ రాసింది. ఎనిమిది డిష్‌లనూ కిటికీకి దూరంగా ఒకే అల్మారా అరలో పెట్టాం. మొలకెత్తింది అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకున్నాం. మొదటి వేరు పొరను చీల్చుకుని 2 మిల్లీమీటర్లయినా బయటికి రావాలి. ఇలా ముందుగా ఒప్పందం లేకపోతే లెక్కపెట్టేవాళ్లు తాము కోరుకున్నవైపే లెక్కపెడతారు, పెద్దవాళ్లయినా అంతే.

మంచినీళ్ల డిష్‌లలో ఒకటీ అరా తప్ప అన్నీ మొలిచాయి. అర గ్రాము దాంట్లో కొంచెం ఆలస్యంగా వచ్చాయి, వేర్లు పొట్టిగా ఉన్నాయి. గ్రాము దాంట్లో బాగా తగ్గాయి. రెండు గ్రాముల డిష్‌లలో గింజలు ఉబ్బాయే తప్ప వేరు రాలేదు. కిట్ పుస్తకం ఇక్కడితో ఆపేసింది. పిల్లలు ఆపలేదు. ఆ గింజలు చచ్చిపోయాయా, లేక సరిపడా నీళ్లు తాగలేక ఆగిపోయాయా? చుట్టూ ఉప్పు ఎక్కువగా ఉంటే గింజ నీటిని లాక్కోలేదు, అదొక కారణం. ఉప్పు లోపలికి చేరి కణాలను పాడుచేయడం ఇంకొకటి. వీటిని విడదీయాలంటే ఆ గింజల్నే బాగా కడిగి మంచినీళ్లలో వేయాలి. వేశాం. కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు. అంటే రెండు కారణాలకూ చోటుందని రాసుకున్నాం, అంతకుమించి చెప్పడానికి ఈ ప్రయోగం చాలదు అని దాని కిందే రాసుకున్నాం. ఆ రెండో వాక్యం రాసిన పిల్లవాడి నోట్‌బుక్కు నేను స్టాఫ్ రూములో అందరికీ చూపించాను.

ఒకబ్బాయి వాళ్ల రొయ్యల చెరువు నీళ్లు సీసాలో పట్టుకొచ్చి ‘ఇవి కూడా పోద్దామండీ’ అన్నాడు. ఆ నీళ్లతో విడిగా ఒక డిష్ పెట్టాం గానీ దాన్ని ఉప్పు ప్రయోగంలో కలపలేదు. చెరువు నీళ్లలో ఉప్పు ఒక్కటే కాదు, సున్నం ఉంటుంది, మేత వ్యర్థాలుంటాయి, మందులుంటాయి. దాంట్లో గింజ మొలవకపోతే నేరం ఉప్పుదే అనడానికి లేదు. తెల్ల కార్డులు ఉన్నాయి కాబట్టి ఈ సంగతి నేను చెప్పకముందే వాడికి తట్టింది: ‘ఆకుపచ్చ కార్డు మీద రెండు మూడు రాయాల్సొస్తదండీ.’

ఇక ఆ జత లేని వస్తువు. మోల్ అర్ధపత్ర ప్రయోగానికి కిట్‌లో వెడల్పు మూతి గాజు సీసా, దానికి నిలువునా చీల్చిన బిరడా, పొటాషియం హైడ్రాక్సైడ్ పలుకులు ఇచ్చారు. తెలిసిందే: మొక్కను రెండు మూడు రోజులు చీకట్లో ఉంచి ఆకులో పిండిపదార్థం లేకుండా చేస్తాం, ఆకులో సగం సీసాలోకి, సగం బయటికి వచ్చేలా బిగిస్తాం, సీసా అడుగున ఉన్న హైడ్రాక్సైడ్ లోపలి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది. ఎండలో ఉంచాక ఆకును స్పిరిట్‌లో ఉడికించి అయోడిన్ వేస్తే బయటి సగం నీలి నలుపు అవుతుంది, లోపలి సగం కాదు. కాబట్టి కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డయాక్సైడ్ కావాలి.

తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి అడిగింది: ‘టీచర్ గారూ, సీసాలో పెట్టినందుకే అలా అయిందేమోనండీ?’

ఎంత సరైన ప్రశ్న! లోపలి సగానికీ బయటి సగానికీ తేడా కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కాదు. లోపల గాలి ఆడదు, ఎండకు వేడెక్కుతుంది, చెమ్మ వేరు, వెలుగు గాజులోంచి రావాలి. దీనికి మందు రెండో సీసా. అన్నీ అలాగే ఉంచి, హైడ్రాక్సైడ్ చోట ఉత్త నీళ్లు పోసి, ఇంకో ఆకును అలాగే బిగించాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ఇదే విషయానికి రెండు కుండీ మొక్కలను రెండు గంట జాడీల కింద పెట్టి, ఒకదాని పక్కనే పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంచమన్నది ఇందుకే. జతల విలువ అంత బాగా తెలిసిన ఈ కిట్ వాళ్లు అన్నిటికంటే అవసరమైన చోట ఒకటే సీసా ఇచ్చారు.

ఇంకా విచిత్రం, అదే పుస్తకంలో నాలుగు పేజీల ముందు ఫ్రాన్సెస్కో రెడి గురించి చక్కటి పేజీ ఉంది. మాంసంలో పురుగులు వాటంతటవే పుట్టవు, ఈగల వల్లే వస్తాయని చూపిన ఇటలీ శాస్త్రవేత్త ఆయన. 1668లో ఆయన తన మాంసం ప్రయోగాలు ప్రకటించాడు. తెరిచి ఉన్న పాత్రల్లో పురుగులు పట్టాయి, మూసినవాటిలో పట్టలేదు. మూసేస్తే గాలి కూడా ఆగుతుంది కదా, గాలి లేకే పురుగులు పుట్టలేదేమో అని అనడానికి వీలుంది. అందుకని గాలి ఆడేలా, ఈగ మాత్రం దూరకుండా పాత్రలకు పలచటి బట్ట కట్టాడు. అప్పుడూ మాంసంలో పురుగులు రాలేదు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది అచ్చం ఆ గాలి ప్రశ్నే. నీళ్లు పోసిన రెండో సీసా చేసే పని ఆ పలచటి బట్టది. ఆ పేజీ, ఈ ప్రయోగం ఒకే పుస్తకంలో ఉన్నా ఒకదాన్నొకటి పలకరించుకోవు.

రెండో సీసా కోసం కంపెనీకి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు గానీ విడిగా అమ్మరట. అదే కొలత జామ్ సీసాలు రెండు తెచ్చుకున్నాం, కిట్ సీసాను పక్కన పెట్టేశాం. ఒకటి వాళ్లది, ఒకటి మనది వాడితే మళ్లీ గాజు మందంలో తేడా వస్తుంది. నీళ్ల సీసాలోని సగం కూడా నల్లబడింది, బయటి సగమంత కాకపోయినా స్పష్టంగా. అడిగిన అమ్మాయికి తన ప్రశ్నకు జవాబు కళ్లముందే దొరికింది.

హైడ్రాక్సైడ్ ప్యాకింగ్ మాత్రం ప్రమాదకరంగా ఉంది. పలచటి ప్లాస్టిక్ పొట్లంలో పెట్టారు. అది గాలిలో చెమ్మను పీల్చి కరిగిపోయే పదార్థం, చర్మాన్ని కాలుస్తుంది. మాకు వచ్చేసరికి సగం జిగట ముద్ద అయింది. బిగుతైన ప్లాస్టిక్ డబ్బాలో రావాలి, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఇవ్వాలి. వాటిలో ఏదీ లేదు. స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టకూడదు, నీళ్ల గిన్నెలో ఉంచి వేడిచేయాలి అన్న హెచ్చరికను మాత్రం ఎర్రగా, పెద్దగా వేశారు. సంతోషం.

లాలాజలం, గంజి ప్రయోగం తేలిగ్గా అయిపోతుంది, నాళికలు చాలినన్ని ఉన్నాయి. పుస్తకం లాలాజలం ఉన్న నాళిక, లేని నాళిక అని రెండే పెట్టమంది. మేం మరిగించిన లాలాజలంతో మూడోది పెట్టాం. అందులో నీలం పోలేదు. లాలాజలంలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ అమైలేజ్ వేడికి పాడవుతుందన్నది ఒక్క నాళిక ఖర్చుతో తెలిసిపోయింది.

ఇడ్లీ పిండి దగ్గర కిట్‌కు ఉన్న అసలు పరిమితి బయటపడింది. ఉప్పు ముందే కలిపితే పిండి బాగా పొంగుతుందా, పులిశాక కలిపితేనా అన్నదానిపై పిల్లల ఇళ్లలో ఏకాభిప్రాయం లేదు. కొలజాడీలో పిండి పోస్తే ఎంత పొంగిందో గీతల మీద చదువుకోవచ్చు, మంచి ఆలోచనే. కానీ ముందుగా రెండు జాడీల్లోనూ ఉప్పు లేని ఒకే పిండి పోసి చూశాం. ఆ రెండే ఒకదానికొకటి సమానంగా పొంగలేదు. ఇక వాటిలో ఒకదాంట్లో ఉప్పు కలిపి తేడా కనిపించిందంటే అది ఉప్పుదని ఎలా నమ్మాలి? జత ఉంటే పోల్చడం కుదురుతుంది, నమ్మకం కుదరాలంటే అదే జత మళ్లీ మళ్లీ కావాలి. జాడీలు కనీసం ఆరు ఇవ్వాలి. ధర కొంచెం పెంచినా ఫర్వాలేదు.

తెలుగు పుస్తకం గురించి ఒక మాట. భాష అక్కడక్కడా పట్టి పట్టి నడుస్తుంది గానీ అర్థమవుతుంది. నాకు నచ్చనిది, ప్రతి ప్రయోగం కిందా ఫలితం ముందే అచ్చువేసి ఉండడం. పరికల్పన రాయడానికి గీతలు లేవు, ఫలితం మాత్రం సిద్ధం. అలా అయితే మంచి మార్కుల పిల్లలు పుస్తకంలో ఉన్న అంకెలే నోట్‌బుక్కులో రాస్తారు. నేను పుస్తకాన్ని బీరువాలో పెట్టి, కార్డులు, సామాను మాత్రమే తరగతికి తీసుకెళుతున్నాను.

ముప్పై మంది లోపు తరగతికి ఒక కిట్ సరిపోతుంది, అంతకు మించితే కష్టం. త్రాసుకు బటన్ బ్యాటరీలు పడతాయి, ఒక జత అదనంగా కొనిపెట్టుకోండి. వాన రోజుల్లో ఆర్డర్ పెట్టకండి, పొట్లం సంగతి చెప్పాను కదా. పెట్టె రాగానే ముందు హైడ్రాక్సైడ్ పలుకులు పొడిగా ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అదే రోజు వెనక్కి పంపండి. వారం దాటితే తీసుకోరు. మేం ఈ రబీలో మినుములతో ఉప్పు ప్రయోగం మళ్లీ పెడుతున్నాం. ఈసారి ద్రావణానికి నాలుగేసి డిష్‌లు. కిట్‌లో అన్ని డిష్‌లు లేవు కాబట్టి పిల్లలు ఇళ్ల నుంచి ఒకే సైజు స్టీలు సాసర్లు తెస్తామన్నారు, ప్రయోగం మొత్తం వాటిలోనే చేస్తాం.