3000 స్టాల్ అడిగితే 2300 చాలన్నారు: నా టార్క్ కన్వర్టర్ పని సంగతి

ముందే చెప్పేస్తున్నా, ఈ పని చేసిన చెన్నై వర్క్‌షాప్ పేరు రాయను. పనితనానికి పదికి తొమ్మిది వేస్తా, మాట నిలబెట్టుకోవడానికి మాత్రం మూడు దాటి వేయలేను, పేరు పెట్టి ఒక చేత్తో పొగిడి ఇంకో చేత్తో తిట్టడం నాకు చేతకాదు.

బండి 1.6 డీజిల్ సెడాన్, 6 స్పీడ్ ఆటోమేటిక్. రెండేళ్ల కింద రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి బలం పెంచడం) చేయించా, 260 న్యూటన్ మీటర్లున్న టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 320 దాటింది. గేర్‌బాక్స్ తట్టుకుంటుందా అని అడిగితే, చేసినాయన "హాయిగా" అన్నాడు. నిజమే, గేర్లు తట్టుకున్నాయి. ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ లోపల, వేగం అందుకున్నాక రెండింటినీ కలిపి పట్టేసే లాకప్ క్లచ్ తట్టుకోలేదు. కావలి వైపు హైవే మీద 70లో, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా పోతుంటే బండి సన్నగా వణికేది, రోడ్డు మీద చారలు వరసగా ఎక్కినట్టు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించా, ఇంజన్ మౌంట్లు మార్పించా, డబ్బు దండగ. చివరికి మా ఆటోనగర్ మెకానిక్ పక్క సీట్లో కూర్చుని, "సామీ, వణికేటప్పుడు యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేకు ఊరికే తాకించు" అన్నాడు. తాకించా. వణుకు టక్కున ఆగింది. బ్రేకు తాకితే లాకప్ వదిలేస్తుంది, అందుకే ఆగింది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష నాకు మూడు నెలల ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

కన్వర్టర్ బాగుచేయించడానికి ఎట్టాగూ గేర్‌బాక్స్ దించుతున్నాం కదా, పనిలో పనిగా స్టాల్ కూడా పెంచిద్దామని నాకు ఆశ పుట్టింది. స్టాల్ అంటే తెలియనివాళ్ళకి: బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, గేరు డీలో (డ్రైవ్) పెట్టి, ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ ఎంత ఆర్‌పీఎం దాకా ఎక్కి నిలబడిపోతుందో అది. ఐదు సెకన్లు దాటి చేయొద్దు, లోపల నూనె కాగిపోతుంది. కన్వర్టర్‌లో రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో నూనెని దారి మళ్ళించే స్టేటర్, నిండా నూనె. ఇంజన్ వైపు ఫ్యాన్ విసిరిన నూనె రెండోదాన్ని తిప్పుతుంది, బండి కదిలే ఆ క్షణంలో టార్క్ దాదాపు రెండింతలవుతుంది. స్టాల్ ఎక్కువుంటే బండి కదిలేలోపే ఇంజన్ పై ఆర్‌పీఎంకి పోతుంది, టర్బో ముందే లేస్తుంది.

అమెరికా వీడియోలు చూసీ చూసీ నా బుర్రలో 3000 అనే అంకె పడిపోయింది. విదేశాల్లో రెడీమేడ్ కన్వర్టర్లు బోలెడున్నా నా గేర్‌బాక్స్‌కి సరిపోయేది దొరకలేదు, దగ్గరగా ఉన్నదానికి కస్టమ్స్ కలిపితే లెక్క లక్ష దాటింది. అందుకని ఉన్నదాన్నే కోసి, స్టేటర్ మార్చి, లాకప్ క్లచ్‌కి కొత్త లైనింగ్ (రాసుకుని పట్టుకునే పొర) వేసి మళ్ళీ వెల్డింగ్ చేసేవాళ్ళకోసం వెతికా. ముగ్గురికి ఫోన్ చేశా. ఇద్దరు అడిగిన వెంటనే రేటు చెప్పారు, "3000నా, చేసేద్దాం సార్" అని. మూడో ఆయన, ఈ చెన్నై వర్క్‌షాప్ ఆయన, రేటు చెప్పకుండా నన్నే ప్రశ్నలడిగాడు: బండి బరువెంత, రీమ్యాప్ తర్వాత టార్క్ ఏ ఆర్‌పీఎంలో మొదలై ఎక్కడ పడిపోతోంది, టైర్ సైజు మార్చావా, టౌన్ ఎక్కువా హైవే ఎక్కువా, విడిగా ఆయిల్ కూలర్ ఉందా. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

ఆయన లెక్క ఇదీ. నీ డీజిల్ బలమంతా 1900 నుంచి 2800 లోపల, 3000 స్టాల్ పెడితే బలం అయిపోయిన చోట కన్వర్టర్ పట్టు మొదలవుతుంది. ఆ అంకెలు 6500 దాకా తిరిగే పెద్ద పెట్రోల్ వీ8లకి, మనకు కాదు. పైగా స్టాల్ అనేది కన్వర్టర్ మీద రాసుండే అంకె కాదు, ఇదే డబ్బా నీ బండిలో 2300 చూపిస్తే తక్కువ టార్క్ ఉన్న ఇంజన్‌కి బిగిస్తే 2000 దగ్గరే ఆగిపోతుంది. ఇంకోటి, కన్వర్టర్‌లో జారి వృథా అయిన బలమంతా వేడే. మే నెలలో ట్రంకు రోడ్డులో ఏసీ వేసుకుని, ఆటోల వెనక అడుగడుక్కీ ఆగుతూ పోయే బండికి 3000 అంటే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు, నూనె ఉడుకుతుంది. "కావాలంటే చేస్తా తమ్ముడూ, నాలుగు నెలల్లో మళ్ళీ నా దగ్గరికే వస్తావు" అన్నాడు. మూతి ముడుచుకున్నా గానీ 2300కి ఒప్పుకున్నా.

కన్వర్టర్‌ని గోనెసంచిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి బస్సు పార్సిల్‌కి తీసుకుపోతే అడుగునుంచి నల్లటి నూనె కారుతోంది. కౌంటర్లో ఆయన చూసి, "ఏందబ్బయ్యా ఇది, చేపల పులుసా?" అన్నాడు. వాసన చూస్తే ఎవరూ అలా అనరు. మాడిన ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె) వాసన చేతికి పట్టిందంటే రెండు రోజులు పోదు.

ఇక తిట్లు. పది రోజులన్నారు, ఇరవై మూడు రోజులు పట్టింది. కోసినప్పుడు ఫోటోలు పంపుతామన్నారు, ఒక్కటీ రాలేదు. తీరా వచ్చిన కన్వర్టర్ పార్సిల్ విప్పి చూస్తే వెల్డింగ్ చుట్టూ ఒకే మందంలో అందంగా ఉంది, కానీ గేర్‌బాక్స్ పంపులోకి దూరే గొట్టం, అంటే హబ్ మీద గోరు పెట్టి రుద్దితే గోరు తగులుకుంది. గీత. పంపు సీల్ తిరిగేది సరిగ్గా దానిమీదే, అలానే బిగిస్తే నెలలో లీకు, మళ్ళీ గేర్‌బాక్స్ దించాలి. ప్యాకింగ్ సరిగా చేయక దారిలో పడిన గీత అది. ఫోన్ చేస్తే వాదించకుండా "పంపండి, పాలిష్ చేసిస్తాం" అన్నారు, చేశారు కూడా, పార్సిల్ ఖర్చు మాత్రం నాకే పడింది.

బిగించేటప్పుడు నేను పక్కనే నిలబడ్డా. ముందు కన్వర్టర్ లోపల లీటరు ఏటీఎఫ్ పోసి, గేర్‌బాక్స్‌లోకి తిప్పుతూ నెడుతూ కూర్చోబెట్టాలి, మెట్టుమెట్టుగా లోపలికి దిగుతుంది. మా వాడు రెండుసార్లు టక్‌మన్నాక ఆగాడు, స్కేలు పెట్టి కొలిచి, తల అడ్డంగా ఊపి, మళ్ళా తిప్పాడు, మూడోది పడింది. ఆ మూడోది పడకుండా బోల్టులు బిగించి గేర్‌బాక్స్‌ని ఇంజన్‌కి లాగితే ఆయిల్ పంపు పగిలిపోతుంది, అప్పుడు తప్పు కన్వర్టర్‌దంటారు. పాత లైనింగ్ పొడి కూలర్ పైపుల్లో ఉంటుంది కాబట్టి అవి కడిగించా, ముందువైపు విడిగా ఒక కూలర్ పెట్టించా. రీబిల్డ్ 28 వేలు, కూలర్, ఆయిల్, కూలీ కలిపి ఇంకో 22 వేలు. కూలర్ లేకుండా స్టాల్ పెంచేవాళ్ళని నేను ఆపలేను, కానీ సలహా మాత్రం నన్ను అడగొద్దు.

ఇప్పుడెలా ఉందంటే, వెంకటాచలం టోల్ దాటి కాలు నొక్కితే ఇదివరకు ఒక క్షణం ఆలోచించి కదిలే బండి ఇప్పుడు ఆలోచించట్లేదు. వణుకు లేదు. హైవే మైలేజీ మారలేదు, అక్కడ లాకప్ పట్టుకునే ఉంటుంది కదా. టౌన్‌లో 14 ఇచ్చేది పన్నెండున్నరకి దిగింది, ఇంట్లో ఈ సంగతి ఇంకా చెప్పలేదు. స్కానర్ పెట్టి చూస్తే గేర్‌బాక్స్ ఆయిల్ మధ్యాహ్నం ఎండలో కూడా 95 డిగ్రీలు దాటట్లేదు, మునుపు 115 చూశా. రీమ్యాప్ లేని బండికైతే ఈ ఖర్చు శుద్ధ దండగ, లైనింగ్ పోతే కంపెనీ స్టాల్‌తోనే రీబిల్డ్ చేయించుకోండి చాలు.

మొన్న 3000 కిలోమీటర్లకి ఆయిల్ దించి చూశాం. ఎర్రగానే ఉంది, మాగ్నెట్ మీద సన్నటి బూడిద తప్ప రవ్వలేమీ లేవు. మా మెకానిక్ వేలు ముంచి వాసన చూసి, "ఇప్పుడైతే పులుసు అనరులే" అన్నాడు.