మష్‌క్లయింట్‌లో ప్రాంప్ట్‌ని ఆపేశాక

నాకు చూపు లేదు, స్క్రీన్ మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో మూడేళ్లుగా మష్‌క్లయింట్‌లో మడ్ గేములు ఆడుతున్నాను. మడ్ అంటే బొమ్మల్లేకుండా అక్షరాలతోనే నలుగురూ కలిసి ఆన్‌లైన్‌లో ఆడే గేమ్, మష్‌క్లయింట్ అంటే దాన్ని ఆడే ప్రోగ్రామ్. ఇన్‌స్టాలేషన్ సంగతి అందరికీ తెలిసిందే, గేమ్‌లో వచ్చే అక్షరాలను స్క్రీన్ రీడర్‌కి అందించే ప్లగిన్ మాత్రం మర్చిపోవద్దు, అది లేకపోతే విండో మూగగా ఉంటుంది.

నాకు మష్‌క్లయింట్ ఇంత నచ్చడానికి కారణం ట్రిగ్గర్లు, అంటే ఫలానా లైన్ వస్తే ఫలానా పని చేయమని మనం ముందే రాసిపెట్టుకునే సూచనలు. మడ్‌లో ఏం చేసినా వెంటనే ప్రాంప్ట్ వస్తుంది, అంటే మన ప్రాణం, మంత్రశక్తి, నడిచే ఓపిక ఎంత మిగిలాయో చెప్పే లైన్. చూపున్నవాళ్ల కళ్లు దాన్ని దాటుకుని వెళ్లిపోతాయి, మనం మాత్రం "నూట ఇరవై హెచ్‌పీ, ఎనభై మానా, తొంభై మూవ్" అని ప్రతి దెబ్బకీ వినాల్సిందే. దానికో ట్రిగ్గర్ రాసి, ఆ లైన్‌ని తెర మీద కనపడకుండా దాచే 'ఒమిట్ ఫ్రమ్ అవుట్‌పుట్' టిక్ పెట్టిన రాత్రి, ఫైట్ మొత్తం కథ విన్నట్టు సాఫీగా విన్నాను. ఎంత హాయిగా అనిపించిందో!

కానీ వారం తిరక్కుండానే దెబ్బ తగిలింది. నలుగురం కలిసి ఆడుతున్నాం, నేను హీలర్‌ని, అంటే దెబ్బలు తగిలినవాళ్లని బాగుచేసేవాణ్ణి. గేమ్‌లో ఒకతను చచ్చిపోయాడు, "మూడుసార్లు అడిగాను, ఎందుకు హీల్ చేయలేదు" అన్నాడు. నాకు ఒక్కసారీ వినపడలేదు. చాలా బాధేసింది. ఆ రాత్రే ఆటలో వచ్చిందంతా రాసి ఉంచే లాగ్ ఫైల్ తెరిచి ఒక్కో లైనూ చదివాను (అవుట్‌పుట్‌లో దాచిన లైన్లు కూడా లాగ్‌లో ఉంటాయి, 'ఒమిట్ ఫ్రమ్ లాగ్' వేరే టిక్). అతని మాటలు మూడూ ఉన్నాయి, ప్రాంప్ట్‌కి అతుక్కుని, అదే లైన్‌లో. ప్రాంప్ట్ చివర కొత్త లైన్ పడదు కదా, తర్వాత వచ్చిన మాట దాని పక్కనే చేరిపోతుంది, నా ట్రిగ్గర్ రెండింటినీ కలిపి మింగేసింది.

సెట్టింగ్స్‌లో 'కన్వర్ట్ ఐఏసీ ఈవోఆర్ జీఏ టు న్యూ లైన్' అని ఒకటుంది, అది పెట్టాక ప్రాంప్ట్ విడిగా వచ్చింది. అయితే ప్రాంప్ట్ అయిపోయిందన్న సిగ్నల్ గేమ్ సర్వర్ పంపితేనే ఇది పనిచేస్తుంది. తర్వాత ఆడిన ఇంకో గేమ్ పంపదు, అందుకే అక్కడ ప్రాంప్ట్ వింటూనే ఆడుతున్నాను.

ఇంకో మాట. ఎన్‌వీడీఏ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో టైప్ చేసేటప్పుడు మాట ఆగిపోయే టిక్ తీసేయండి, లేకపోతే కమాండ్ మొదటి అక్షరం కొట్టగానే చదువుతున్న లైన్ తెగిపోతుంది.

నా దగ్గర నంబర్ ప్యాడ్ ఉన్న పెద్ద కీబోర్డ్ ఉంది, నమ్ లాక్ వేసుకుని దాంతోనే దిక్కులు తిరుగుతాను కాబట్టి నాకు సుఖంగా ఉంది. చిన్న ల్యాప్‌టాప్‌లో ఇంత సులువుగా ఉంటుందని చెప్పలేను. మడ్ ఆడే ఇంకో ప్రోగ్రామ్ మడ్‌లెట్‌లో కూడా ఇప్పుడు స్క్రీన్ రీడర్ సపోర్ట్ వచ్చింది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అదీ చూడండి. నా ట్రిగ్గర్లన్నీ మష్‌క్లయింట్‌లోనే ఉన్నాయి, నేనైతే ఇప్పట్లో మారను.