టాక్‌టైం టాప్-అప్ రివ్యూ: పది కడితే ఏడున్నర కూడా రాదు

ప్రీపెయిడ్ ఫోన్ టాప్-అప్ ధర 10 రూపాయలు. బ్యాలెన్స్‌లో పడేది 7.47. మిగతా రెండున్నర ఏమైందని అడిగేవాళ్లు తక్కువ.

లెక్క చిన్నదే. పదిని 1.18తో భాగిస్తే 8.47. అంటే జీఎస్టీ 1.53. ఇంకో రూపాయి ప్రాసెసింగ్ ఫీజు. జీఎస్టీ 18 శాతం కదా, వందకి 18 పోతుందని చాలామంది అనుకుంటారు. పన్ను ధరలోనే కలిసి ఉంది కాబట్టి పోయేది 15.25.

అసలు దెబ్బ ఫీజు దగ్గర. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పరిమితి ధరలో 10 శాతం లేదా 3 రూపాయలు, ఏది తక్కువైతే అది. కాబట్టి 30 రూపాయల దాకా పదో వంతు పోతూనే ఉంటుంది, ఆపైన మూడు దగ్గర ఆగుతుంది. 20కి 14.95, 50కి 39.37, 100కి 81.75, 1000కి 844.46 వస్తాయి. పదేసి చొప్పున పదిసార్లు వేస్తే మొత్తం 74.70. ఒకేసారి వంద వేస్తే ఏడు రూపాయలు మిగులు. సర్కారుకి వెళ్లే జీఎస్టీ మాత్రం రెండింటికీ ఒకటే.

బిల్లులో ఎక్కడా కనిపించనిది ఇంకోటి ఉంది: లైసెన్సు ఫీజు. కంపెనీ తన సవరించిన స్థూల ఆదాయంలో (అంటే కొన్ని తగ్గింపులు పోగా లెక్కకొచ్చే రాబడిలో) 8 శాతం కేంద్రానికి కడుతుంది. ఆ భారం కూడా మన రేట్లలోనే దాక్కుంటుంది, దాని మీదే మళ్లీ జీఎస్టీ.

అన్‌లిమిటెడ్ ప్యాక్ ఉన్నవాళ్లకి టాప్-అప్ ఎందుకంటే, కువైట్‌కో దుబాయ్‌కో నేరుగా ఫోన్ చేయడానికి, ఎస్ఎంఎస్‌లు లేని ప్యాక్‌లో యూపీఐ రిజిస్ట్రేషన్‌కి. రిజిస్ట్రేషన్‌లో నంబరు రుజువుకి ఒక ఎస్ఎంఎస్ పోతుంది, అది మన సిమ్ నుంచే వెళ్లాలి. బ్యాలెన్స్ సున్నా అయితే రిజిస్ట్రేషన్ అక్కడే ఆగిపోతుంది, జనం యాప్‌ని తిట్టుకుంటారు. దీనికి పది రూపాయల టాప్-అప్ చాలు. కానీ టాప్-అప్‌తో వ్యాలిడిటీ రాదు, ప్యాక్ అయిపోయాక ఇది వేసి లాభం లేదు.

బ్యాలెన్స్ దానంతటదే తరుగుతుంటే కాలర్ ట్యూన్ లాంటి సర్వీసు ఏదో ఆన్ అయ్యుండొచ్చు. 155223కి ఫోన్ చేసి తీయించుకోండి, ఆ కాల్ ఉచితం. కొన్ని చెల్లింపు యాప్‌లు రీఛార్జ్ మీద ప్లాట్‌ఫామ్ ఫీజు వేరే వేస్తాయి. పది రూపాయలకి అది చాలా ఎక్కువ, ఆపరేటర్ సొంత యాప్‌లో ఎంతో చూసి కట్టండి.

జీఎస్టీ నంబరున్న వ్యాపారులకి పోస్ట్‌పెయిడ్ నయం. నంబరు ఇచ్చి బిల్లు తీసుకుంటే, వ్యాపారానికి వాడిన ఫోన్ మీద ఆ 18 శాతం జీఎస్టీ (కేంద్రానికి 9, రాష్ట్రానికి 9) క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా తిరిగొస్తుంది. మిగతావాళ్లకి వంద టాప్-అప్ సరైన మోతాదు. వెయ్యి వేసినా వందకి దక్కేది 84.45 మాత్రమే.