సూళ్లూరుపేట లాడ్జి షట్టరు, పులికాట్ ఫ్లెమింగోలు, అద్దెకి తెచ్చిన 200-600 లెన్సు

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, వచ్చి పది రోజులైనా ఆ కోపం ఇంకా చల్లారలేదు. జనవరి నెలాఖర్లో సెలవు పెట్టి, పెద్ద లెన్సు ఒకటి అద్దెకి తెచ్చుకుని, గుంటూరు నుంచి నేలపట్టు పక్షుల కేంద్రానికీ, పులికాట్ సరస్సుకీ వెళ్ళాం నేనూ మా బావమరిదీ. అక్కడ మాకు దొరికేవే రెండు తెల్లవారుజాములు. అందులో ఒకటి లాడ్జి మెట్ల మీద కూర్చుని పోగొట్టుకున్నాం.

సూళ్లూరుపేటలో ఆ గదికి 1,800. ముందే ఫోన్ చేసి అడిగా, పొద్దున్నే అయిదింటికి బయటికి వెళ్ళాలి, కుదురుతుందా అని. "ఎన్నింటికైనా వెళ్ళొచ్చు సార్, వాచ్‌మన్ ఉంటాడు" అన్నాడు. రాత్రి డబ్బు కట్టేటప్పుడు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. అయిదూ పదికి సామాను భుజాన వేసుకుని కిందికి దిగితే షట్టరు దించి ఉంది, అటూ ఇటూ రెండు తాళాలు. కౌంటర్లో మనిషి లేడు, వాచ్‌మన్ లేడు, బోర్డు మీద ఉన్న నంబరు స్విచ్చాఫ్. షట్టరు మీద కొట్టాం, అరిచాం. ఆరున్నరకి పాల కుర్రాడు వచ్చి కింద సందులోంచి రెండు పాకెట్లు లోపలికి తోశాడు, అవి జారుకుంటూ వచ్చి నా బూటు దగ్గర ఆగాయి. అప్పటికే ఆ సందులోంచి వెలుతురు గచ్చు మీద పడుతోంది. నేను వచ్చిందే ఆ వెలుతురు కోసం. చివరికి ఆరూ యాభైకి ఒకాయన కళ్ళు నులుముకుంటూ వచ్చి తాళం తీసి, "ఇంత పొద్దున్నే ఎక్కడికి సార్" అన్నాడు! డబ్బు వెనక్కి అడిగితే రూలు లేదన్నాడు. మా బావమరిది మామూలుగా నెమ్మదస్థుడు, ఆ రోజు వాణ్ణి ఆపడానికి నేను మధ్యలో నిలబడాల్సొచ్చింది. అదే ఊళ్ళో చెంగాళమ్మ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు. బస చేసిన మనుషుల్ని లోపల పెట్టి తాళం వేసి ఇంటికి పోయే లాడ్జిని మాత్రం అక్కడే చూశా. నిప్పంటుకుంటే మా గతి ఏమిటి?

లెన్సు విషయానికొస్తే, నా దగ్గర ఉన్నది సోనీ ఏ6400 కెమెరా, దానికి 55-210 మిల్లీమీటర్ల లెన్సు (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనపడుతుంది). గుంటూరు పక్కన ఉప్పలపాడులో అది చాలు, చెరువులో చెట్ల మీద గూడబాతులూ (పెలికన్లు) ఎర్రకాళ్ల కొంగలూ గట్టుకి అంత దగ్గరగా ఉంటాయి. కానీ దూరాన నీళ్ళలో నిలబడ్డ పక్షిని తీస్తే ఫొటోలో చుక్కే మిగిలేది. సోనీ 200-600 కొందామని ఏడాదిగా మనసులో ఉంది. కొత్తది లక్షన్నర పైమాటే. "కొనే ముందు ఒకసారి మోసి చూడండి" అంది మా ఆవిడ. విజయవాడలో రోజుకి 1,100 చొప్పున నాలుగు రోజులకి 4,400 కట్టి తెచ్చా, డిపాజిట్టు 15,000. మొదటి రోజు ఉప్పలపాడులోనే ఆవిడ మాట విలువ తెలిసింది. లెన్సు ఒక్కటే 2 కిలోల 115 గ్రాములు. ఇరవై నిమిషాలకి ఎడమ మోచెయ్యి వణకడం మొదలైంది, వణికే చేత్తో 600 దగ్గర చూస్తుంటే పక్షి ఫ్రేములో ఒకచోట నిలవదు. కాబట్టి లక్షలు పోసే ముందు నాలుగైదు వేలు పెట్టి అద్దెకి తెచ్చుకోండి, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

మర్నాడు ప్రయాణం సాఫీగా సాగింది, హైవే మీద ఆరు గంటలు. డీజిలూ టోళ్లూ రానూపోనూ కలిపి 5,900.

నేలపట్టుకి దొరవారిసత్రం దగ్గర తిరగాలి. మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. చెరువు నీళ్ళలో నిలబడ్డ బారింగ్టోనియా చెట్ల నిండా గూళ్ళే, చెట్టు కనపడకుండా గూడబాతులు. టవరెక్కి 600 పెట్టి చూసినప్పుడు నా నోట మాట రాలేదు. పై ముక్కు అంచున వరసగా నీలం, నలుపు కలిసిన చుక్కలు ఉంటాయి, వాటివల్లే దానికి ఇంగ్లీషులో స్పాట్ బిల్డ్ పెలికన్, అంటే చుక్కల ముక్కు గూడబాతు, అన్న పేరు. ఇన్నేళ్లుగా ఉప్పలపాడులో చూస్తూ కూడా ఆ చుక్కల్ని నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. ఒక పిల్ల తన తలంతా తల్లి ముక్కు కింద సంచిలోకి దూర్చేసి తింటోంది, సంచి బయటికి దాని తల ఆకారం కదులుతూ కనపడుతోంది. మా బావమరిదికి కెమెరా ఇస్తే పది నిమిషాలు తిరిగివ్వలేదు. వాడు వచ్చింది రాకెట్ లాంచింగ్ ప్యాడ్ కనపడుతుందేమో అని!

కానీ రాత్రి గదిలో చూసుకుంటే ఎగిరే పక్షుల ఫొటోలు వందకి తొంభై పాడు. తప్పు నాదే, కెమెరా షట్టర్ తెరుచుకుని ఉండే టైము, అంటే షట్టర్ స్పీడు, 1/320 సెకను దగ్గర వదిలేశా. లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది కదా అన్న ధీమా. అది మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పక్షి రెక్కని ఆపదు. ఎగిరేవాటికి 1/1600కి తగ్గొద్దు, అపర్చరు (వెలుతురు వచ్చే రంధ్రం) 6.3 దగ్గరే ఉంచి ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో 6400 దాకా వదిలేయండి. గింజలు గింజలుగా వచ్చిన ఫొటోని తర్వాత సరిచేయొచ్చు, కదిలిపోయినదాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఇంకో సంగతి, మొదట్లో నాకు ఎగిరే పక్షి ఫ్రేములోకి దొరికేదే కాదు, లెన్సు తిప్పేలోపు ఖాళీ ఆకాశమే మిగిలేది. 200 దగ్గర పెట్టుకుని పక్షిని పట్టుకుని, దాంతోపాటే తిరుగుతూ 600కి వెళ్ళాలి. అంతకంటే పనికొచ్చే మాట అక్కడ కూర్చున్న ఊరి పెద్దాయన చెప్పాడు. "గాలి నీ ఈపుకి తగిలేట్టు నిలబడు నాయనా, అవి గాలికి ఎదురే లెగుస్తాయి, గాలికి ఎదురే దిగుతాయి." అంతే, అక్కణ్ణుంచి ప్రతి పక్షీ నా వైపు ముఖం పెట్టి దిగడమే. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్ళు పొలానికి ఎరువని, అవి వస్తేనే ఊరికి మంచిదని కూడా చెప్పాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు.

ఇక అక్కడ రెండో రోజు, లాడ్జి తాళం తీశాక. ఇంకా కోపంతోనే టిఫిను తిని, పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్ళే రోడ్డెక్కేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఫ్లెమింగోలు కనపడ్డాయి, వందల్లో. తొమ్మిది దాటాక మూడు వందలకి పైగా తీశా. ఒక్కటీ షార్ప్‌గా లేదు. నీళ్ళలోంచి చూస్తున్నట్టు కాళ్ళు వంకర్లు, మెడలు కరిగిపోయినట్టు. షాపువాడు పాడైన లెన్సు అంటగట్టాడని గంటసేపు టెన్షన్ పడ్డా. తర్వాత రోడ్డు పక్క ఇరవై మీటర్లలో ఉన్న కొక్కిరాయిని తీస్తే ఈక ఈకా లెక్కపెట్టొచ్చు! లెన్సు మంచిదే, మధ్యలో గాలే పాడు. ఎండెక్కాక నేల మీద, నీళ్ళ మీద వేడిగాలి లేచి అలలాడుతుంది, ఎంత దూరం తీస్తే అంత ఎక్కువ గాలి అడ్డం. దానికి ఏ లెన్సూ మందు కాదు. అందుకే ఆ లాడ్జివాడు నాకు పోగొట్టింది గంటా నలభై నిమిషాలు కాదు, ఒక రోజంతా.

లెక్క కూడా చెప్తా. నా కెమెరాకి 600 పెడితే 250 మీటర్ల అవతల ఫ్రేము ఎత్తు ఆరున్నర మీటర్లు. ఫ్లెమింగో నిలబడితే మీటరున్నర లోపే, అంటే ఫొటోలో అయిదో వంతు. అదే 50 మీటర్లలో ఉంటే ఫ్రేము నిండిపోతుంది. పెద్ద లెన్సుంటే దగ్గరికి వెళ్ళక్కర్లేదు అనుకుంటాం గానీ, అవి మన దగ్గరికి వచ్చేదాకా కదలకుండా కూర్చోవడమే అసలు పని.

ఆ ఓపిక లేనివాళ్ళని కూడా అక్కడే చూశా. కారు దిగిన నలుగురు, ఎగిరే ఫొటో కావాలని మట్టిగడ్డలు విసిరారు. మేస్తున్న గుంపంతా లేచి ఎక్కడికో పోయింది. నేను అరిస్తే "మీకేంటండీ" అన్నారు. నాకేంటంటే, ఎక్కడినుంచో తిండి కోసం వచ్చిన ప్రాణిని ఒక ఫొటో కోసం అలా బెదరగొట్టడం చూస్తే కడుపు మండుతుంది.

మధ్యాహ్నం ఒక మెస్సులో కొరమీను పులుసుతో భోజనం, మనిషికి 180. నిన్న రాత్రి కాచిన పులుసని వడ్డించేవాడే గొప్పగా చెప్పాడు. నెల్లూరు వైపు పులుసు మర్నాటికే రుచి. చింతపులుపు ముక్క లోపలిదాకా ఎక్కి ఉంది, మా బావమరిది మూడోసారి అన్నం పెట్టించుకుని "బావా, ఇప్పుడు కోపం తగ్గింది" అన్నాడు. నాకూ కొంచెం తగ్గింది.

ఆ సాయంత్రమే గది మార్చాం. నాయుడుపేటలో 1,400, పాతదే గానీ దుప్పట్లు ఉతికినవి. ఓనరు పెద్దాయన రాత్రి గేటు తాళం మా చేతికిచ్చి, వెళ్ళేటప్పుడు కిటికీలోంచి లోపల వేసి పొమ్మన్నాడు. నా పాత జీన్సు కాలు ఒకటి సంచిలా కుట్టుకుని తెచ్చా, అందులో కిరాణా కొట్లో కొన్న రెండు కిలోల పెసలు పోశాం, 240 రూపాయలు. కారు కిటికీ అద్దం దించి, ఆ సంచి మీద లెన్సు పెట్టి, ఇంజను ఆపేసి కూర్చోవడమే. మూడు వేల ట్రైపాడ్ కంటే ఇదే నయం, కారులో ఉన్న మనిషికి పక్షులు అంతగా బెదరవు కూడా.

అక్కడ మూడో రోజు ఆరుంపావుకి పులికాట్ రోడ్డు మీద ఉన్నాం. ఆ రోడ్డు తూర్పుకి పోతుంది, జనవరిలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, కాబట్టి కారు ఎడమవైపు ఆపి ఉత్తరం నీళ్ళు చూడండి, వెలుగు పక్షి మీద పడుతుంది. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు తిరిగే రోడ్డు, బాగా పక్కకి ఆపాలి. చెక్‌పోస్టు వైపు లెన్సు తిప్పకండి. నలభై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత మేస్తూ మేస్తూ ఒక పదిహేను ఫ్లెమింగోలు యాభై, అరవై మీటర్లలోకి వచ్చాయి. ఒకటి మెడ ముందుకి చాచి నీళ్ళ మీద పరుగందుకుంది, అడుగు పడ్డచోటల్లా ఒక్కో చిమ్ము, ఏడో అడుగుకి గాల్లోకి లేచింది. రెక్క కింద ఆ ఎరుపూ నలుపూ! తెల్లటి పక్షి కదా, ఎక్స్‌పోజరు కాస్త తగ్గించి పెట్టా, ఈకల గీతలు కూడా నిలిచాయి. నేను ఊపిరి బిగబట్టి తీస్తుంటే, సంచి కదలకుండా మా బావమరిది రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

పెసలు ఇంటికొచ్చాక పెసరట్లయ్యాయి. లెన్సు తిరిగిచ్చేశా, డిపాజిట్టు మొత్తం వచ్చింది. కొనడం మాత్రం ఇప్పుడే కాదు, ముందు ఉప్పలపాడులో నా 55-210తోనే ఎగిరే పక్షిని వదలకుండా పట్టుకోవడం చేతికి రావాలి. ఫిబ్రవరి రెండో వారానికి రెండు రోజులకి మళ్ళీ అదే లెన్సు చెప్పిపెట్టా, గూడబాతు పిల్లలు రెక్కలు ఆడించడం నేర్చుకునే టైము. గది నాయుడుపేట పెద్దాయన దగ్గరే, అడ్వాన్సు 500 పంపేశా.